బోర్డు లేని కొట్టు, వంకరగా చుట్టుకునే రీలు

ముందే చెప్పేస్తున్నా, ఈ కొట్టుకి పేరు లేదు, బోర్డు లేదు, మ్యాప్‌లో కొట్టినా దొరకదు. బరంపురంలో బడా బజారు దాటి నేతపని వాళ్ల వీధుల్లోకి తిరిగితే, గుమ్మం దాకా పాత కుట్టు మిషన్లు పేర్చిన చిన్న గది ఒకటి కనిపిస్తుంది, అదే. లోపల డెబ్భై దాటిన తాత ఒకాయన ఉంటాడు. కుట్టు మిషన్లు, టేబుల్ ఫ్యాన్లు, కండెలు చుట్టే మిషన్లు బాగు చేస్తాడు. గాలం దారం చుట్టే చేపల రీళ్లు కూడా చూస్తాడని మీకెవరూ చెప్పరు, ఎందుకంటే ఆయన ఆ మాట ఎవరికీ చెప్పుకోడు. నాకు తెలిసింది కూడా మా ఆవిడ కుట్టు మిషన్ పుణ్యమా అనే.

నా రీలు సంగతి చెప్పాలి. ఓడల మీద పనిచేసిన మా మావయ్య 1998లో తెచ్చిచ్చాడు. 4000 సైజు, ఒళ్లంతా లోహం, ఇప్పటి ప్లాస్టిక్ రీళ్ల పక్కన పెడితే ఇటుకలా ఉంటుంది. కంపెనీ పేరు అనవసరం, పాతికేళ్లు ఉప్పునీళ్లలో వాడాక ఏ కంపెనీదైనా అరుగుతుంది. గోపాలపురం బీచ్‌లో లైట్‌హౌస్ అవతల పారల కోసం, వానలు తగ్గాక ఏటి మొగల దగ్గర పండుగప్ప కోసం (ఇక్కడి ఒడియా వాళ్లు భేక్టి అంటారు) దీనితోనే తిరిగాను. ఋషికుల్య మొగ మాత్రం నా లెక్కలో లేదు. అక్కడ తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా సముద్రంలో వేట మీద ఆంక్షలుంటాయి, ఒడ్డున గాలం పట్టుకుని నిలబడ్డా నాకు మనసొప్పదు.

రెండేళ్ల కిందట స్పూల్ (రీలులో దారం చుట్టుకునే కండె లాంటిది) మీద లైన్, అంటే గాలం దారం, సమానంగా చుట్టుకోవడం మానేసింది. మొదట్లో రెండు అంచుల దగ్గరా సన్నటి గట్లు, మధ్యలో పల్లం, అంతే. సరే పాతదైంది కదా సర్వీసింగ్ చేయిద్దామని గాలాలు, రాడ్లు అమ్మే ఒక షాపులో ఇచ్చాను. ఏ షాపో చెప్పను, మీరూ అడగకండి. వారం తర్వాత 600 తీసుకుని తిరిగిచ్చారు. లోపల గ్రీజు ఎంత కుక్కారంటే హ్యాండిల్ తిప్పుతుంటే రోలు తిప్పుతున్నట్టుంది. దానికి తోడు కొత్త జబ్బొకటి అంటుకుంది. లైనంతా స్పూల్ పైఅంచు దగ్గరే, అంటే చేప లాగితే దారం ఎంత బిగువున వదలాలో సర్దే డ్రాగ్ నాబ్ వైపు, పొట్టలా ఉబ్బి కింద మాత్రం సన్నగా ఉండిపోయింది. వెనక్కి తీసుకెళ్తే "పాతది సార్, ఇంక రాదు" అని 2,800 రూపాయల కొత్తది తీసి కౌంటర్ మీద పెట్టాడు. అది కొనేస్తే ఈ రివ్యూ రాసే పని ఉండేది కాదు.

పైన పొట్ట వస్తే ఏమవుతుందో ఒడ్డున నిలబడి విసిరిన వాళ్లకి తెలుసు. ఒక్కో చుట్టూ వరసగా జారాల్సింది పోయి నాలుగైదు కలిసి గుత్తిగా జారిపోతాయి, రాడ్డు మీద దారం దూరి పోయే మొదటి రింగు (గైడు) దగ్గర ముడి పడుతుంది, ఊపులో ఉన్న సీసం గుండు దారం తెంపుకుని ఒక్కటే సముద్రంలోకి ఎగిరిపోతుంది. ఒక్క పొద్దున్న ఐదు గుండ్లు పోయాయి నాకు. పక్కన వల సర్దుకుంటున్న జాలరాయన "సేపలకి సీసం మేపుతున్నావేటి బాబూ" అన్నాడు. నవ్వాను గానీ లోపల మండింది.

ఆ నెలలోనే మా ఆవిడ కుట్టు మిషన్ బాబిన్ సరిగ్గా చుట్టడం లేదని ఈ తాత దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బాబిన్ చుట్టే చక్రం పక్కనున్న చిన్న స్క్రూ వదులు చేసి, దారం నడిపే బిళ్లని గింజంత పైకి జరిపి, మళ్లీ బిగించి చూపించాడు. రెండు నిమిషాల పని. బాబిన్ మీద దారం పలక మీద గీసినట్టు వరసగా పడింది. నాకు టక్కున వెలిగింది. మర్నాడు రీలు పట్టుకుని వెళ్లాను.

"ఏటి బాబూ ఇది?"

"చేపలు పట్టే రీలు తాతా. దారం సమానంగా చుట్టుకోవట్లేదు."

ఆయన విప్పలేదు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, బొటనవేలి గోరుతో లైన్ మీద పైనుంచి కిందికి ఒక్కసారి నెమ్మదిగా గీసుకుంటూ వచ్చాడు. "దారం బాగానే ఉంది. కండె బాగా నేదు" అన్నాడు. "మీద పొట్ట. మళ్లీ రెండు కొసలకాడ గట్లు. ఒక జబ్బు కాదు, రెండున్నాయి. రెండోది ఎవులో అంటించినారు."

ఈయన ఇరవై రెండేళ్లు సూరత్‌లో మరమగ్గాల ఫిట్టర్‌గా చేశాడట. మా గంజాం జిల్లాలో సూరత్‌కి మనిషిని పంపని ఊరు వెతికి పట్టుకోవాలి, అది వేరే కథ. కండె సమంగా లేకపోతే మగ్గం మీద కండెని మోసుకుని అటూ ఇటూ పోయే నాడె పరిగెడుతున్నప్పుడు పోగు పట్టేస్తుంది, తెగుతుంది, లేదా గుత్తిగా ఊడి గుడ్డ పాడవుతుంది. నా సీసం గుండ్లు పోయినదీ అచ్చం అందుకే. ఇంటికొచ్చి చదివితే ఇంకో తమాషా తెలిసింది. కదలని స్పూల్ మీద నుంచి దారం ఊడి వచ్చే ఇలాంటి రీలుకి 1905లో పేటెంట్ తీసుకున్న ఇల్లింగ్‌వర్త్ అనే ఆయన ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్ని మిల్లుల కుటుంబం వాడేనట. మిల్లులో బాబిన్ కొస నుంచి దారం ఊడే తీరు చూసే ఆ ఆలోచన వచ్చిందంటారు. అంటే నేను రీలుని తీసుకెళ్లింది దాని పుట్టింటికే అన్నమాట.

ఇక అసలు పని. ఇది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇందులో సగం మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఈ రీలులో హ్యాండిల్ తిప్పితే స్పూల్ గుండ్రంగా తిరగదు. దాని చుట్టూ రోటర్ తిరుగుతుంది, రోటర్ మీదున్న బెయిల్ తీగ చివర చిన్న రోలర్ లైన్‌ని తీసుకొచ్చి స్పూల్ మీద పరుస్తుంది. స్పూల్ మాత్రం షాఫ్ట్‌తో పాటు పైకీ కిందికీ కదులుతుంది. రోలర్ ఎత్తు ఎప్పుడూ మారదు. కాబట్టి స్పూల్ ఉండాల్సిన చోటు కన్నా కిందికి కూర్చుంటే రోలర్ దాని పైఅంచుకి దగ్గరవుతుంది, లైన్ పైన పేరుకుంటుంది. స్పూల్ పైకి లేచి ఉంటే కింద పేరుకుంటుంది. ఈ ఎత్తుని నిర్ణయించేది స్పూల్ కింద షాఫ్ట్ మీద ఉండే పల్చటి వాషర్లు. పైన పొట్ట ఉంటే వాషరు వేయాలి, కింద పొట్ట ఉంటే తీయాలి. ఇంతే. ఇంత చిన్న సంగతి తెలియక ఎంతమంది రీళ్లు పారేసి ఉంటారో.

తాత డ్రాగ్ నాబ్ విప్పి స్పూల్ పైకి లాగాడు. కింద ఒక్కటే వాషరు ఉంది. షాఫ్ట్ మీద మాత్రం ఇంకో వాషరు ఏళ్ల తరబడి కూర్చున్న గుర్తు, వేలికి ఉంగరం తీసేస్తే మిగిలే మచ్చలా, స్పష్టంగా కనిపిస్తోంది. సర్వీసింగ్ చేసినాయన దాన్ని ఎక్కడో పారేసుకుని అలాగే బిగించేశాడు. 600 ఇచ్చి నేను కొనుక్కున్న జబ్బు అది.

ఈ రీలు వాషరు ఎక్కడా దొరకదు. తాత బల్ల కింద నుంచి ఎవరిదో మోకాలి ఎక్స్‌రే ఫిల్ము లాగాడు. చిన్న కత్తెరతో రింగు కత్తిరించి షాఫ్ట్‌కి తొడిగాడు. ఒక్కోటి 0.2 మిల్లీమీటరు కూడా ఉండదు. రెండు రింగులు వేసి, స్పూల్ పెట్టి, లైన్ కొస వీధిలో గుంజకి కట్టి, నన్ను వెనక్కి నడుచుకుంటూ వెళ్లమన్నాడు. పడుగులు చాచుకునే వీధి కదా, పొడుగుకి లోటు లేదు. వీధి చివరి నుంచి చుట్టుకుంటూ రావాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తడిగుడ్డ పెట్టి లైన్ దానిలోంచి పోనివ్వాలి, వదులుగా చుట్టిన లైన్ ఎత్తు చూసి ఏదీ తేల్చకూడదు అన్నాడు. వచ్చాక మళ్లీ గోరుతో గీసి చూశాడు. ఇంకా మీదే. మూడు. ఇంకా కొంచెం. నాలుగు వేస్తే తిన్నగా వచ్చింది. ఊరుకోడే, ఐదోది కూడా వేయించాడు! ఈసారి పొట్ట కిందికి దిగింది. "ఇపుడు తెలిసినాది కదా, నాలుగే" అని ఐదోది పీకేశాడు. నాలుగు రౌండ్లు ఆ వీధిలో రీలు పట్టుకుని వెనక్కి నడిచాను. అరుగుల మీద పిల్లలు గాలిపటం ఏదీ అని అడిగారు.

ఎక్స్‌రే రింగులు కొలత చూసుకోవడానికే, నాలుగు రోజులకి నలిగిపోతాయి. కొలత తేలాక ఆ నాలుగింటి మందానికి సరిపడా ఒకే నైలాన్ వాషరు అరగదీసి వేశాడు. మీరు ఇంట్లో చేసుకుంటే ఒక జాగ్రత్త. పొట్ట పోవడం లేదని వాషర్ల మీద వాషర్లు వేసుకుంటూ పోవద్దు. స్పూల్ మరీ పైకి లేస్తే దాని అంచుకీ రోటర్‌కీ మధ్య సందు వస్తుంది, లైన్ అందులో దూరి షాఫ్ట్‌కి చుట్టుకుంటుంది. డ్రాగ్ నాబ్‌కి మరలు అందక వదులుగా ఉంటుంది. ఒకటి రెండు వాషర్లతో సర్దుకోలేదంటే రోగం ఇంకెక్కడో ఉన్నట్టు.

నా రీలుకి ఉన్న ఆ ఇంకో రోగం రెండు కొసల గట్లు. వీటికి వాషరు మందు కాదు. తాత చూసిన పద్ధతి నాకు భలే నచ్చింది. స్పూల్ తీసేసి, షాఫ్ట్ బయటికొచ్చే చోట స్కెచ్ పెన్నుతో సన్నటి గీత పెట్టి, హ్యాండిల్‌ని గడియారం ముల్లంత నెమ్మదిగా తిప్పమన్నాడు. గీత పైకొస్తోంది, పైకొస్తోంది, కొసకి వచ్చి ఆగింది. నేను తిప్పుతూనే ఉన్నాను, అది కదలదు. హ్యాండిల్ పావు చుట్టు దగ్గర దగ్గరగా తిరిగాక టక్‌మని కిందికి బయల్దేరింది. కింద కొసలోనూ అంతే. ఆ పావు చుట్టులో రోటర్ మాత్రం తిరుగుతూనే ఉంది కదా, లైనంతా అక్కడే పడి గట్టు కడుతోంది.

పక్క మూత విప్పాక కారణం తెలిసింది. గేరు మీద చిన్న పిన్ను ఒకటి ఉంటుంది, అది షాఫ్ట్‌ని మోసే స్లైడర్ గాడిలో తిరుగుతూ షాఫ్ట్‌ని ముందుకీ వెనక్కీ నడుపుతుంది. పిన్ను అరిగింది, గాడి వెడల్పయింది. దానికి తోడు షాఫ్ట్‌ని స్లైడర్‌కి పట్టి ఉంచే బుల్లి స్క్రూ సగం ఊడి ఉంది. లేతు మీద ఇత్తడి బుష్ చేయించి పిన్నుకి తొడిగాడు. స్క్రూ బిగించి, తల మీద ఒక చుక్క గోళ్ల రంగు వేశాడు, మళ్లీ ఊడకుండా. అదీ మా ఆవిడ దగ్గర తెమ్మన్నాడు, ఎర్రదే దొరికింది, ఇప్పుడు మా మావయ్య రీలు కడుపులో ఒక ఎర్ర బొట్టుంది. మీరు విప్పేటట్టయితే ఒక్కో భాగం తీసేముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తాతకి అక్కర్లేదు గానీ నాకూ మీకూ కావాలి.

బెయిల్ రోలర్ కూడా ఉప్పు పట్టి బిగిసిపోయింది. తిరగని రోలర్ మీద లైన్ రుద్దుకుంటూ పోతుంది, మెలి పడుతుంది, కొన్నాళ్లకి రోలర్‌కే గాడి పడి దారాన్ని కోస్తుంది. కిరసనాయిల్లో నానబెట్టి, పళ్ల బ్రష్షుతో తోమి, కుట్టు మిషన్ ఆయిల్ ఒక్క చుక్క వేశాడు. పాత గ్రీజంతా గోకి పారేసి గేరు పళ్లకి మాత్రం పల్చగా కొత్తది రాశాడు. 600 వాళ్లు వాడిన గ్రీజుతో ఇలాంటివి నాలుగు రీళ్లు నడిచేవి.

మొత్తం ఖర్చు 350. అందులో 150 లేతు పనికి. నాలుగు రోజులు పట్టింది.

ఇప్పుడు తిట్లు కూడా రాయాలి కదా. ఫోన్ ఎత్తడు, అసలు ఫోన్ ఎక్కడుందో ఆయనకే తెలియదు. రసీదు లేదు. రేపు రా అంటే ఎల్లుండి అని అర్థం, "హౌ హౌ" అంటే సరే అన్నట్టు కాదు, విన్నాను అన్నట్టు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా తలుపు వేసే ఉంటుంది. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వస్తే ఇంక ఆ రోజులన్నీ కొట్టు మర్చిపోవడమే, ఆ వీధులకది సొంత పండగ. రాడ్డుకి పైన బిగించే బెయిట్‌కాస్టింగ్ రీళ్లు ముట్టుకోడు. కొత్త రీళ్లలో షాఫ్ట్‌ని నడపడానికి వార్మ్ గేరు, అంటే పొడుగాటి స్క్రూ లాంటిది, ఉన్నవి చూపిస్తే ఇష్టంగా చూస్తాడు గానీ పార్టు అరిగితే కంపెనీకే పంపమంటాడు. అదీ నిజాయితీయే అనుకోండి. ఇంకో సంగతి, ఆయన పని చేస్తున్నంతసేపూ మీరు పక్కనే ఉండాలి, హ్యాండిల్ తిప్పాలి, సూరత్ కబుర్లు వినాలి. తొందరలో ఉన్నవాళ్లకి ఈ కొట్టు పనికిరాదు. నేను రెండో రోజు ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లి చీవాట్లు తిన్నాను.

వెళ్లేటప్పుడు రీలుతో పాటు స్పూల్ మీద ఉన్న పాత లైన్ అలాగే ఉంచి తీసుకెళ్లండి. నేను శుభ్రంగా ఇద్దామని సగం ముందే ఊడదీసుకుని వెళ్లాను, రోగిని కడిగి తెచ్చినావేటి, రోగం ఎలగ కనబడతాది అని విసుక్కున్నాడు. ఊడగా మిగిలిన సగం మీద పొట్ట తెలిసింది కాబట్టి బతికిపోయాను.

బాగైన తర్వాతి ఆదివారం తెల్లవారుజామున గోపాలపురం వెళ్లాను. కొత్తది 0.35 మిల్లీమీటర్ల మోనో (ఒంటిపోగు నైలాన్ లైన్) 150 మీటర్లు, స్పూల్ అంచుకి రెండు మిల్లీమీటర్లు తక్కువగా నింపి, అంతా తడిగుడ్డలోంచే చుట్టాను. మొదటి విసురుకి భయంభయంగా వేలు వదిలాను. ముడి లేదు, గుత్తి లేదు, సర్రుమని ఒక్కటే చప్పుడు. ఇదే గుండుతో, ఇదే రాడ్డుతో అంతకుముందు ఒడ్డు నుంచి రెండో అల దాటేది కాదు, ఇప్పుడు మూడో అల వెనక పడింది. పొద్దున్నంతా ఒక్క గుండు కూడా పోలేదు. రెండు చిన్న పారలు పడ్డాయి, ఒకటి వదిలేశాను. ఆ జాలరాయన కనిపించలేదు, చూపిద్దామనుకున్నాను.

పూర్తిగా కొత్తదయిందా అంటే లేదు. అరవై డెబ్భై మీటర్లు చుట్టాక పరీక్షగా చూస్తే రెండు కొసల దగ్గర వెంట్రుకవాసి గట్టు ఇప్పటికీ ఉంది. తాతకి తీసుకెళ్లి చూపించాను. గోరుతో గీసి, "ఇది రోగం కాదు బాబూ, దీని నడకే అంత. వీధి సివర బండి తిప్పుకున్నపుడు అర క్షణం ఆగదా, అలగే" అన్నాడు. పిన్ను గుండ్రంగా తిరుగుతూ షాఫ్ట్‌ని నడిపే రీళ్లలో మలుపు దగ్గర షాఫ్ట్ నెమ్మదించక తప్పదట. డబ్బులు తీసుకోలేదు. రోలర్‌లో ఇంకో చుక్క ఆయిల్ వేసి, సంక్రాంతికి మళ్లీ తెమ్మన్నాడు.